ఆర్ఎస్ 230 పక్కన కొత్త గోల్ఫ్ జీటీఐ: మొదటి డ్రైవ్‌లో కనిపించిన తేడాలో కారుది ఎంత, పాత రబ్బరు బుష్‌లది ఎంత?

టర్బో హన్మకొండ:

నా కారు 2017 స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 230, 81 వేల కిలోమీటర్లు తిరిగింది. 17 అంగుళాల రిమ్ములు, 225/45 టైర్లు. రీమ్యాప్ (పవర్ పెంచనీకి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చుడు) లేదు. స్ప్రింగులు, షాకర్లు కంపెనీవే, ఇప్పటిదాక ముట్టలేదు. కొత్త ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఒక 40 నిమిషాలు నడిపి చూసినంక ఈ ప్రశ్నలు.

జీటీఐలో స్టీరింగ్ కొంచెం తిప్పంగనే ముక్కు అటు తిరుగుతున్నది. ఆర్ఎస్‌లో మధ్యలో కొద్దిగ ఖాళీ అనిపించి, తర్వాత పట్టు దొరుకుతది. మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్ఎస్ బయటివైపు పోతది, జీటీఐ లోపలికే లాగుతది. చిన్న స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రం జీటీఐ గట్టిగ కొడుతున్నది. ఇంకో వింత ఏందంటే, ఆటోమేటిక్ గేరు డీ (మామూలు డ్రైవ్)లో 50-60 స్పీడ్‌ల పోతూ సగం తొక్కితే జీటీఐ ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తది. ఆర్ఎస్ అంతసేపు ఆలోచించదు. కాగితం మీద చూస్తే జీటీఐది 265 పీఎస్ (హార్స్‌పవర్ లెక్క), నాది 230. మరి ఇదెట్ల?

వాడకం వారానికోసారి హైదరాబాద్, నెలకు రెండుసార్లు ములుగు, ఏటూరునాగారం వైపు. మిగతాదంతా హన్మకొండ, కాజీపేట ట్రాఫిక్కే. 2025లో వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ 53 లక్షల కారు, దాని మీద తెలంగాణ లైఫ్ ట్యాక్స్, 1 శాతం టీసీఎస్ (కొనేటప్పుడే పట్టే ఇన్‌కమ్ ట్యాక్స్), ఇన్సూరెన్స్. మార్చుడా, ఉన్నదాన్నే సాపు చేయించుడా?

మానేరు గ్యారేజ్:

అన్నా, మీరు పోల్చింది రెండు కార్లను కాదు. ఒక కొత్త కారును, ఎనిమిదేండ్లు దాటిన రబ్బరును. ఆర్ఎస్‌కు రబ్బరు మార్చకుండ ఏ తీర్పూ చెప్పొద్దు.

మధ్యలో ఖాళీ అన్నరు కదా, దానికి మొదటి అనుమానం ముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చెయ్యి) వెనుక బుష్, అంటే దాని కీలుకు ఉండే రబ్బరు మీద. అది చీలితే చక్రం బ్రేక్ కొట్టినప్పుడు వెనక్కి, తొక్కినప్పుడు ముందుకు కొన్ని మిల్లీమీటర్లు కదులుతది. అంతల టో (చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) మారుతది. చేతికి మాత్రం స్టీరింగ్ వదులైనట్టు అనిపిస్తది. కారు లిఫ్ట్ మీదికి ఎక్కించి, ఆర్మ్‌కు సబ్‌ఫ్రేమ్‌కు (ఆర్మ్ బిగించి ఉండే చట్రం) మధ్య ప్రై బార్ (చిన్న గడ్డపార లాంటిది) పెట్టి కొంచెం ఎత్తి చూస్తే చీలిక నోరు తెరుచుకుంటది. పైకి చూస్తే కనపడదు, బార్ పెట్టాల్సిందే.

రెండోది స్ట్రట్ (ముందు షాకర్, స్ప్రింగ్ జత) పైన ఉండే టాప్ మౌంట్, దాని బేరింగ్. కారు నేల మీద ఉండగ ఒకరు స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాలె, ఇంకొకరు స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టాలె. స్ప్రింగ్ సాఫీగ తిరగకుండ బిగుసుకొని టక్కున దుంకితే బేరింగ్ పోయినట్టే. మలుపు నుంచి స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాకపోవుడు కూడ దీని లక్షణమే.

మూడోది ఇంజిన్ ఊగకుండ కింద పట్టుకునే డాగ్‌బోన్ మౌంట్. అది మెత్తబడితే ఆగి ఉన్న కారును గట్టిగ కదిలించినప్పుడు ముందు చక్రాలు దడదడ ఎగురుతయి. చాలమంది దాన్ని క్లచ్ దోషం అనుకొని గేర్‌బాక్స్ దింపిస్తరు.

నాలుగోది టైర్లు. సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడుండ్రి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. గాడి ఎంత మిగిలినా, మన ఎండలకు ఐదారేండ్లలో రబ్బరు గట్టిపడుతది. గట్టిపడ్డ టైరు మీద ఏ స్పోర్ట్స్ కారైనా మలుపులో బయటికే పోతది.

ఒక్క జాగ్రత్త. కొత్త బుష్‌లు వేసినప్పుడు పివట్ (ఆర్మ్ కదిలే కీలు) బోల్టులు కారు లిఫ్ట్ మీద వేలాడుతుండగ బిగించొద్దు. బుష్ రబ్బరు లోపలి స్లీవ్‌కు అతికి ఉంటది. చక్రం కిందికి జారి ఉన్నప్పుడు బిగిస్తే, కారు నేల మీదికి రాంగనే రబ్బరు మెలిపడి అట్లనే ఉండిపోతది, ఏడాది తిరగకముందే చీలుతది. కింద జాకీ పెట్టి ఆర్మ్‌ను మామూలు ఎత్తుకు లేపి అప్పుడు ఫైనల్ టార్క్ (చివరి బిగింపు) ఇయ్యాలె. యాంగిల్‌తో బిగించే బోల్టులు ఒకసారికే, పాతవి మళ్ల వాడొద్దు. అలైన్‌మెంట్ అన్నిటికంటె చివర. ముందే చేయించి తర్వాత బుష్‌లు మారిస్తే ఆ పైసలు వృథా.

1984 సీసీ:

పైన చెప్పింది నిజమే, కానీ మొత్తం రబ్బరు మీదికి నెట్టేస్తే ఎట్ల. మలుపులో తొక్కితే జీటీఐ లోపలికి లాగుడు బుష్ మారిస్తే ఆర్ఎస్‌కు వచ్చే గుణం కాదు.

జీటీఐలో ముందు యాక్సిల్‌కు వీఏక్యూ అనే డిఫరెన్షియల్ లాక్ ఉన్నది. లోపల క్లచ్ ప్లేట్లు, వాటిని నొక్కే హైడ్రాలిక్ పంపు. లోపలి చక్రం తిరిగిపోబోతుంటే ప్లేట్లు పట్టుకొని టార్క్‌ను బయటి చక్రానికి పంపుతయి. బయటి చక్రం గట్టిగ తోస్తది, అందుకే ముక్కు లోపలికి వస్తది. ఎక్స్‌డీఎస్ ఒక్కటే ఉన్న కారులో పద్ధతి వేరు: లోపలి చక్రానికి బ్రేక్ వేసి ఆపుతది. అదీ పనిచేస్తది గానీ, శక్తి బ్రేక్‌లో వేడిగ పోతది. ఘాట్ లాంటి రోడ్డు మీద పది మలుపులు వరుసగ వస్తే తేడా బయటపడుతది. హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయేకాడ అసలు మలుపే లేదు కాబట్టి అక్కడ వీఏక్యూ ఉన్నా లేకున్నా ఒకటే.

స్టీరింగ్ సంగతి. జీటీఐలో ప్రోగ్రెసివ్ రాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే పండ్ల కడ్డీ). పండ్లు మధ్యలో ఒక దూరం, చివర్లకు పోయేకొద్దీ ఇంకో దూరం. ఈ చివర నుంచి ఆ చివరికి సుమారు 2.1 చుట్లు. మీ ఆర్ఎస్‌లో ఎన్ని చుట్లో ఇంజిన్ ఆన్‌లో పెట్టి, కారు ఆపి తిప్పి లెక్కపెట్టండి. దాదాపు అంతే వస్తే మీరు చూసిన తేడా రాక్‌ది కాదు, బుష్‌లది, టైర్లది. పైగా వీల్‌బేస్ జీటీఐది సుమారు 5 సెంటీమీటర్లు, పొడవు 40 సెంటీమీటర్లు తక్కువ. చురుకుదనంలో కొంత భాగం అక్కడిదే.

ఇక డీలో ఆలోచించుడు. రెండింటి ఇంజిన్ వంశం ఒకటే, ఈఏ888, 1984 సీసీ. ఆర్ఎస్ 350 ఎన్ఎం టార్క్‌ను (తిప్పే బలం) 1500 ఆర్‌పీఎం దగ్గరే ఇస్తది, జీటీఐ 370 ఎన్ఎంను 1600 నుంచి. అంటే కింద రెండూ సమానమే. తేడా గేర్లది. ఆర్ఎస్‌కు 6, జీటీఐకి 7. డీలో పెట్టి మెల్లగ పోతుంటే కొత్త బాక్స్ పెట్రోల్ మిగిల్చే లెక్కలో పై గేరు పట్టుకొని ఇంజిన్‌ను టర్బో పనిచేసే ఆర్‌పీఎం కంటే కింద కూర్చోబెడుతది. సగం తొక్కంగనే రెండు మూడు గేర్లు దిగాలె, టర్బో నిండాలె. ఆ క్షణమే మీకు తగిలింది. ఎస్ (స్పోర్ట్)లో పెట్టండి, లేదా ఎడమ ప్యాడిల్ రెండుసార్లు లాగి అప్పుడు తొక్కండి, ఆలోచన మాయమైతది.

సరిగ్గ పోల్చాలంటే ఇట్ల చూడండి. రెండు కార్లనూ మాన్యువల్‌లో పెట్టి, గేరు నంబరు చూడకుండ 2000 ఆర్‌పీఎం పట్టుకొని పూర్తిగ తొక్కి 4500 దాక పోనివ్వండి. రేషియోలు వేరు కాబట్టి నాలుగో గేరుతో నాలుగో గేరును పోల్చుడు తప్పు. ఏసీ రెండింట్లో ఒకే తీరు, మనుషులు అంతే, టైరు గాలి చల్లగ ఉన్నప్పుడు కంపెనీ స్టిక్కర్ మీద ఉన్నంత. ఒకే పూట చెయ్యండి. మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) వేడెక్కితే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మంట వెలిగించే టైమింగ్ వెనక్కి లాగుతది, పవర్ తగ్గుతది, పొద్దున నడిపిన కారే గెలుస్తది. హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 120 పరిమితి, అది కూడ కుడివైపు రెండు లేన్లకే. 0-100 లెక్కలు (ఆర్ఎస్ 6.8 సెకన్లు, జీటీఐ 5.9) కంపెనీలు ఇప్పటికే కొలిచిపెట్టినయి, మీరు రోడ్డు మీద మళ్లీ కొలిచే పని లేదు.

4000 దాటినంకనే అసలు తేడా. ఆర్ఎస్ 6200 దగ్గర అలసిపోతది. జీటీఐ 6500 దాక గుంజుతది.

కాజీపేట జంక్షన్:

ఎవ్వరూ డిక్కీ మాట ఎత్తుతలేరు. ఆక్టేవియాది 590 లీటర్లు, గోల్ఫ్‌ది 380. నలుగురు మనుషులు, పెండ్లి సామాన్లు ఉంటే ఇక్కడ ముచ్చటే లేదు. ఇంకొకటి, సౌండ్ చూసి మోసపోవద్దు. రెండింట్లోనూ లోపల వినిపించే గర్జనలో కొంత స్పీకర్ల నాటకమే. ఆర్ఎస్‌లో ముందు అద్దం కింద ఉండే సౌండ్ యాక్చువేటర్ (గర్జన పుట్టించే చిన్న పరికరం) ప్లగ్ తీసి ఒకసారి నడుపుండ్రి, సగం స్పోర్ట్స్ కారు అక్కడనే దిగిపోతది.

ములుగు రోడ్డు:

నేను రోడ్డు సంగతి చెప్త. 225/45 ఆర్17 అంటే సైడ్‌వాల్ ఎత్తు 101 మిల్లీమీటర్లు. జీటీఐకి వచ్చే 225/40 ఆర్18కి 90. బయటి వ్యాసం దాదాపు ఒకటే (634, 637), అంటే ఆ 11 మిల్లీమీటర్లు గాలి పోయి రిమ్ము వచ్చింది. చిన్న స్పీడ్ బ్రేకర్ మీద మీకు గట్టిగ తగిలింది అదే. సస్పెన్షన్ దాక పోకముందే టైరు మింగాల్సిన దెబ్బ అది.

మన వైపు టైర్లు, రిమ్ములు పోయే తీరు వేరే. కోతల టైంల రోడ్డు ఒక పక్కంత వడ్లు ఆరబోస్తరు, అంచుకు బండరాళ్లు పెడ్తరు. వడ్లు ఎత్తుకపోయినంక రాళ్లు అట్లనే ఉంటయి. రాత్రి లో ప్రొఫైల్ టైరుతో దాని మీదికి పోతే రిమ్ము పెదవి వంగుతది, సైడ్‌వాల్ తెగుతది. గింజల మీద బ్రేక్ కొడితే గోలీల మీద కొట్టినట్టే, ఏబీఎస్ దడదడ కొట్టుకుంటది తప్ప కారు ఆగది. నాట్ల టైంల ట్రాక్టర్లు కేజ్ వీల్స్ (దమ్ము చేసే ఇనుప చక్రాలు)తోనే రోడ్డెక్కుతయి, తారు మీద అడ్డం గాట్లు పడ్తయి. ఆ గాట్ల మీద 80లో పోతే స్టీరింగ్ వణుకుతది. టైరు బ్యాలెన్సింగ్ పోయిందని షాపుకు ఉరికేటోళ్లు ఉన్నరు, ముందు మంచి రోడ్డు మీద నడిపి చూడాలె. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీలు తొక్కి తొక్కి చక్రాల జాడలు లోతుగ పడ్డ చోట్ల వెడల్పు టైరు ఆ జాడ పట్టుకొని పోతది. అది కారు దోషం కాదు.

జీటీఐ తీసుకుంటె ఈ రెండు అడుగుండ్రి. ఒకటి, డిక్కీల స్టెప్నీ ఉన్నదా, పంక్చర్ కిట్టేనా. కిట్టుతో మేకు గుచ్చిన రంధ్రం మూసుకుంటది, సైడ్‌వాల్ తెగితే ఎందుకూ పనికిరాదు. ఏటూరునాగారం దారిల 18 అంగుళాల 40 ప్రొఫైల్ టైరు దొరకదు, హన్మకొండ దాక బండి మీద ఎక్కించుకొని రావాలె. రెండు, లేన్ అసిస్ట్. బంద్ చేసినా, ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడల్లా అది మళ్ల ఆన్ అయితదా అని. వడ్ల కుప్ప తప్పించనీకి గీత దాటితే స్టీరింగ్‌ను వెనక్కి లాగుతది. ఊళ్లల్లకు పోయేముందు బంద్ చెయ్యాలె.

టైరు గాలి పొద్దుగాలే చూడుండ్రి. మధ్యాహ్నం నడిపినంక రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తది, అది చూసి గాలి తీస్తే చల్లబడ్డంక తక్కువైతది. లో ప్రొఫైల్‌కు తక్కువ గాలి అంటే రిమ్ము మీద నడుపుడే.

టర్బో హన్మకొండ:

అందరికీ థ్యాంక్స్. లిఫ్ట్ మీద చూపించినంక తేలింది ఇది: ఎడమ లోయర్ ఆర్మ్ వెనుక బుష్ చీలి ఉన్నది, కుడిదానికి పగుళ్లు. కుడి ముందు షాకర్ కడ్డీ దగ్గర ఆయిల్ తడి. డాగ్‌బోన్ బాగనే ఉన్నది. టైర్ల కోడ్ 1119. స్టీరింగ్ చుట్లు రెండుకు కొంచెం పైన, అంటే జీటీఐకి దగ్గరనే.

ఇంకా మూడు అనుమానాలు. కూలెంట్ రెండు నెలల్లో మినిమమ్ గీతకు దిగుతున్నది. 81 వేల కిలోమీటర్లకు వాల్వుల మీద కార్బన్ క్లీనింగ్ చేయించాలని ఒకరు అంటున్నరు. డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్ 60 వేలకు మార్చినట్టు బిల్లు దొరుకుతలేదు. జీటీఐ 7 స్పీడ్ అంటేనే భయం, పోలో, వర్టస్‌లలో మెకట్రానిక్ (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్) పోయిన ముచ్చట్లు వింటున్నం కదా.

1984 సీసీ:

కూలెంట్ గురించి ముందు. ఈఏ888 మూడో తరం ఇంజిన్‌లో వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిపి ఒకటే ప్లాస్టిక్ హౌసింగ్‌లో ఉంటయి, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాలు) కింద. ఏండ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ వంగి సీల్ దగ్గర ఊట మొదలైతది. చుక్క నేల మీద పడదు, వేడి ఇంజిన్ మీదనే ఆరిపోయి గులాబీ రంగు పొరలాగ మిగులుతది. టార్చి వేసి గేర్‌బాక్స్ వైపు చూస్తే కనపడుతది. హౌసింగ్ మొత్తం మార్చాలె, సీల్ ఒక్కటి మార్చి ఊరుకోవద్దు. పంపును తిప్పే చిన్న బెల్టు కూడ అప్పుడే మార్చేయాలె. మామూలు నీళ్లు కలపొద్దు.

కార్బన్ విషయంలో నా మాట వేరు. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగ సిలిండర్‌లోకే కొట్టుడు) ఒక్కటే ఉన్న ఇంజిన్‌లో పెట్రోల్ వాల్వు వెనుక పడదు, మసి పేరుకుంటది, అది నిజం. కానీ లక్షణం లేకుండ 81 వేలకే విప్పే అవసరం లేదు. పొద్దున చల్లని స్టార్ట్‌లో ఒక అర నిమిషం వణికి తర్వాత సాపైతే, మిస్‌ఫైర్ (మంట సరిగ్గ అంటకపోవుడు) కౌంట్ ఒకే సిలిండర్ మీద కాకుండ అన్నిటి మీద కనపడితే అప్పుడు మ్యానిఫోల్డ్ దింపి వాల్‌నట్ పొట్టుతో కొట్టించాలె. అట్లాంటి ఇంజిన్‌లో పెట్రోల్ ట్యాంకులో పోసే క్లీనర్ సీసా వాల్వును ముట్టనే ముట్టదు. మీది ప్లగ్గులు మార్చే వయసు, ముందు అవి వేయండి.

మానేరు గ్యారేజ్:

కార్బన్ మీద ఒప్పుకోను. మన వైపు పూట పూటకు 3 కిలోమీటర్లు తిరిగే కార్లకు 60 వేలకే మందంగ పేరుకుంటది. హౌసింగ్ కోసం ఎట్లాగూ మ్యానిఫోల్డ్ దగ్గరికి పోతున్నరు కదా, అప్పుడే బోరోస్కోప్ (లోపలికి దూర్చే చిన్న కెమెరా) పెట్టి చూస్తే ఖర్చేం లేదు. మసి కనపడితేనే చేయించుండ్రి.

క్లచ్ ప్యాక్:

డీఎస్‌జీ సంగతి. 7 స్పీడ్ అన్నీ ఒకటి కావు. పోలో, వర్టస్‌లో ఉన్నది డీక్యూ200: పొడి క్లచ్‌లు, 250 ఎన్ఎం దాకనే. ట్రాఫిక్‌లో సగం పట్టు మీద పాకుతుంటే వేడెక్కేది అదే. జీటీఐలోది డీక్యూ381: ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌లు. మీ ఆర్ఎస్‌లోది డీక్యూ250, అది కూడ ఆయిల్‌లో మునిగే రకమే, 6 గేర్లు. మీరు విన్న ముచ్చట్లు మీ రెండు కార్లకూ వర్తించవు. డీక్యూ250 సామర్థ్యమే 350 ఎన్ఎం, మీ ఇంజిన్ ఇచ్చేది కూడ సరిగ్గ అంతే. కాబట్టి రీమ్యాప్ ఆశ ఉంటె క్లచ్ ఖర్చు కూడ లెక్కలో రాసుకోండి.

బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క. డీక్యూ250కి ప్రతి 60 వేలకు ఆయిల్, ఫిల్టర్ రెండూ. ఆయిల్ సుమారు 5.2 నుంచి 5.5 లీటర్లు పడుతది, 6 లీటర్లు తెచ్చుకోండి. కింద డ్రెయిన్ ప్లగ్ 14 మిల్లీమీటర్ల అలెన్. అది తీస్తే కొంచెమే వస్తది. చాలమంది ఇక్కడనే ఆపేసి ఆయిల్ మార్చినం అంటరు. అదే రంధ్రంలో లోపల ప్లాస్టిక్ గొట్టం ఉంటది, 8 మిల్లీమీటర్ల అలెన్‌తో దాన్ని విప్పితేనే అసలు ఆయిల్ దిగుతది. ఆ గొట్టమే లెవెల్ కొలిచే గేజ్ కూడ, మళ్లీ పెట్టుడు మరువొద్దు. ప్లగ్‌కు కొత్త వాషర్.

ఫిల్టర్ పైన, బ్యాటరీ వైపు నల్లని మూత కింద ఉంటది. మూతను 20 ఎన్ఎం కంటే ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ పగులుతది.

లెవెల్ దగ్గర చేసే తప్పే పెద్ద తప్పు. ఇంజిన్ ఆన్‌లో, పీలో పెట్టి, బ్రేక్ మీద ఒక్కో గేరు ఒకసారి తిప్పి, స్కానర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే ప్లగ్ తీసి చూడాలె. గొట్టంలోంచి ధార ఆగి చుక్కలు పడుతున్నప్పుడు ప్లగ్ బిగించాలె, 45 ఎన్ఎం. మన దగ్గర ఏప్రిల్, మే మధ్యాహ్నం షెడ్డులో నిలబెట్టిన కారుకు స్టార్ట్ చేయకముందే ఆయిల్ 40 దాటి ఉంటది. రెండు నిమిషాలు నడవంగనే 45 దాటుతది, ఆయిల్ వ్యాకోచించి ఎక్కువ కారిపోతది, బాక్స్‌లో తక్కువ మిగులుతది. కొన్ని నెలలకు 2 నుంచి 3కి పోయేటప్పుడు జారుడు మొదలైతది, అప్పుడు క్లచ్ పోయిందని చెప్తరు. అందుకే రాత్రంతా నిలబెట్టి పొద్దున 6 గంటలకు చేయించండి. ఆ టైంకు ఎవరూ తెరవరంటే కారు ముందురోజు సాయంత్రమే ఇచ్చి రండి.

టర్బో హన్మకొండ:

సరే, ఈ వరుసల పోత: హౌసింగ్, ప్లగ్గులు, అప్పుడే బోరోస్కోప్. తర్వాత రెండు వైపులా బుష్‌లు, ముందు షాకర్లు టాప్ మౌంట్లతో సహా. నాలుగు టైర్లు 225/45 ఆర్17 లోనే. డీఎస్‌జీ ఆయిల్. చివర అలైన్‌మెంట్. అన్నీ అయినంక జీటీఐని ఇంకోసారి అడిగి, 1984 సీసీ అన్న చెప్పినట్టు 2000 ఆర్‌పీఎం పట్టుకొని చూస్త. షాకర్ ఒకటే కారుతున్నది, ఒకటే మారిస్తే నడుస్తదా?

మానేరు గ్యారేజ్:

నడవది. జత మార్చాలె. కొత్తది ఒక పక్క, అలసినది ఒక పక్క ఉంటె బ్రేక్ కొట్టినప్పుడు కారు ఒక వైపు ఎక్కువ వంగుతది. స్టీరింగ్ ఖాళీ అని మీరే మళ్ల ఇక్కడికి వస్తరు.